ఇదిగో, ఇక్కడ

ఫ్యాన్ ఆపాను. మైకులో దాని రొద పడుతుంది.
కిటికీ మూశాను. పెదజాలారిపేట మొత్తం
ఆ సందులోంచే మాట్లాడుతుంది.
రాత్రి పదకొండు దాటింది. మెడ వెనక చెమట
తన దారి తాను వెతుక్కుంటోంది.
ఎర్ర చుక్క నొక్కాను.

"నాయుడూ, ఇది మొదటి స్క్రీను..."

తవిటినాయుడు మధురవాడలో ఉంటాడు.
ఎనిమిది నెలలుగా నా గొంతు అతని చెవిలో,
అదీ ఒకటిన్నర స్పీడులో,
ఉడత మాట్లాడినట్టుంటుందట.
మనిషిని రెండుసార్లే చూశాను.
రెండుసార్లూ టీ బండి దగ్గరే,
రెండుసార్లూ ఇద్దరికీ మాటల్లేవు.

"ఈ బటన్ ఇంత పెద్దదెందుకంటే,
నొక్కే బొటనవేలు పొడిగా ఉండదు.
పొలుసు అంటుకుని ఉంటుంది, ఐసు నీళ్లు కారుతుంటాయి.
ఈ నీలం వద్దన్నారు మేనేజరు గారు. నేనే ఉంచాను.
నడి సముద్రంలో మిట్టమధ్యాహ్నం
ఎండకి వెలవెలబోని రంగు ఇదొక్కటే.
పడవెక్కి చూసొచ్చాను, ఉత్తినే చెప్పట్లేదు.
వంజరం ధర ఇక్కడ. ఇదిగో, ఇక్కడ.
దీనికీ దీనికీ మధ్య ఇంత జాగా ఉండాలి.
ఇంత. అర్థమైంది కదా?"

ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు.
పంపేసి, ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను.

పొద్దున్నే జవాబు:
"అక్కా, ఇక్కడ ఇక్కడ అని పదకొండు సార్లన్నావు.
మౌసు బాణం ఓ మూల నిద్రపోతంది.
ఏ ఇక్కడ?"

అప్పుడు తెలిసింది.
నేను వేలితో చూపించాను.
తెర మీద నా ముద్రలు ఇంకా ఉన్నాయి,
మసక మసకగా, పదకొండూ,
రికార్డింగుకి తప్ప అందరికీ కనపడేలా.

మా పెదనాన్న ఎల్లాజీ కూడా ఇంతే.
చేపలున్న చోటు చెప్పమంటే నోరు తెరవడు,
చెయ్యెత్తుతాడు.
యారాడ కొండ వెనక ఇంకో కొండ తల తేలాలి,
ఇటు కైలాసగిరిని సింహాచలం కొండ భుజం దాటాలి.
ఎంత దాటాలి?
ఇంత.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాసింత గాలి.
ఆ గాలిని సరిగ్గా చూసినవాళ్ళు వేటకెళ్ళారు.
చూడని నేను డిజైనర్నయ్యాను.

మళ్ళీ ఫ్యాన్ ఆపాను.
ఈసారి కుడి చెయ్యి మౌసు మీద,
ఎడమ చెయ్యి తొడ కింద పెట్టి
లేవకుండా దాని మీద కూర్చున్నాను.
"ధర ఇక్కడ." బాణం కదిలింది.
"పదహారు పిక్సెళ్ళు" అన్నాను, ఇంత అనకుండా.
ఏదో చిల్లర తక్కువొచ్చినట్టనిపించింది.
మూడో నిమిషంలో పోర్టు వైపు నుంచి ఓడ కూత.
మూసిన కిటికీని అడక్కుండానే వచ్చేసింది.
అది ఆగేదాకా ఆగాను,
బాణం ధర మీద ఊరికే ఊగుతూ.
కత్తిరించే ఓపిక లేక అలాగే పంపేశాను.

రెండ్రోజులకి బిల్డ్ వచ్చింది.
అన్నీ ఉన్నాయి. పదహారు, పదహారే.
ధర దగ్గర మాత్రం నేను గీయనిదొకటి.
సిగ్నల్ పోతే అంకె చెరిగిపోదు,
రంగు తగ్గి అక్కడే నిలబడుతుంది.
కింద చిన్న అక్షరాల్లో:
ఇది ఉదయం 5.40 ధర.

ఎక్కడిదిది అని అడిగాను.

"ఓడ కూసినప్పుడు ధర మీద ఆగిపోనావు కదా అక్కా,
తొమ్మిది సెకన్లు.
ఏటో చెప్తావని చూసినాను. చెప్పనేదు.
మరి సముద్రంలో నెట్ పోతే ఏటవుద్దని
నాకే డౌటొచ్చింది."

టికెట్‌లో 'ఎవరు కోరారు' అని ఒక గడి ఉంది.
చాలాసేపు దాన్నే చూసి
ఖాళీగా వదిలేశాను.

ఈ రాత్రి ఇంకో వీడియో, వేలం పాట స్క్రీను.
ఫ్యాన్ ఆపాను.
కిటికీ తెరిచే ఉంచాను.
దోమలు.